పందుల మీద రాసిన ఉత్తరం

నా భర్త ఆల్వా ఉత్తరం రాసి, కింద నాలుగు వేళ్ళ జాగా వదిలి, నేను రొట్టె పిండి పిసుకుతున్న బల్ల మీదకి తోశాడు. "ఇదుగో ఓర్ఫా, నీ స్నేహితురాలికి రెండు ముక్కలు రాసుకో. తొందరగా కానియ్, టపా బండి వచ్చే వేళయింది."

పదకొండేళ్ళుగా ఇదే వరస. నా స్నేహితురాలు ఫిలూరా, ఆమె మొగుడు చాన్సీ, సరస్సుకు ఆ కొసన బఫెలోలో ఉంటారు. మేం ఒహాయోలో. రెండో కాగితం పెడితే టపా ఖర్చు రెండింతలు కనక ఇద్దరికీ ఒకటే కాగితం. ముందు మగవాళ్ళ బేరాలు. మిగిలిన జాగా ఆడవాళ్ళది. గోధుమకి తెగులు పట్టిన ఏడు నాకు ఒక్క వేలి జాగా మిగిలింది. అందులో నా కూతురు పోయిందని రాశాను. దాని పేరు రాయడానికి చోటు చాల్లేదు.

నాలుగు వేళ్ళు మిగిలినా ఏం రాస్తాం? చాన్సీ ఉత్తరాన్ని భోజనాల బల్ల దగ్గర గొంతెత్తి చదువుతాడు. అతని తండ్రి వింటాడు, పనివాళ్ళు వింటారు. అందుకని మేం ఆపిల్ మురబ్బా గురించీ, అల్లిన మేజోళ్ళ గురించీ రాసుకుంటాం. ఆడవాళ్ళకి అంతకంటే మాటలేముంటాయని మళ్ళీ వాళ్ళే నవ్వుతారు.

ఆల్వా రాసింది చదివాను. ముప్పై పందులు బాగా బలిశాయి, వెంటనే బేరగాణ్ణి పంపు, వారం దాటితే బేరగాళ్ళంతా వేరే ఊళ్ళకి మళ్ళిపోతారు. ఇదంతా అయ్యాక చివర్న: "ఓర్ఫాకి నవంబరులో పురుడు. కులాసాగా ఉంది. మా అమ్మ ఉంది కనక ఫిలూరా రానక్కర్లేదు."

పిండి చేతులతోనే కూర్చుండిపోయాను. పోయిన కాన్పులో నాకు రక్తం ఆగలేదు. పురుటికని సరస్సు దాటి వచ్చి, రెండు రోజులు నా పొట్ట అదిమి పట్టుకుని కూర్చుని నన్ను దక్కించింది ఫిలూరా. "ఇంకో కాన్పొస్తే నీ పెళ్ళాం దక్కదయ్యా" అని మంత్రసాని ఆల్వా ముఖం మీదే చెప్పింది. విన్నాడు, తలూపాడు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇది.

"అత్తయ్యా, ఫిలూరాని రమ్మని రాస్తాను" అన్నాను.

అత్తగారు కుట్టుపనిలోంచి తలెత్తలేదు. "తొమ్మిదిమందిని కన్నాను. మూడోనాటికి లేచి వెన్న చిలికాను. నీకేమో సరస్సు దాటించి మనుషుల్ని పిలిపించాలా? అయినా ఇలాంటివి కాగితమ్మీద పెట్టి మగాళ్ళ చేత చదివిస్తావా? సిగ్గులేదూ?"

చావడానికి అడ్డం రాని సిగ్గు, చచ్చిపోతానేమోనని చెప్పడానికి అడ్డమొస్తుందట!

చేతులు కడుక్కుని కాగితాన్ని అడ్డంగా తిప్పాను. జాగా చాలకపోతే రాసిన వరసల మీదుగానే అడ్డంగా రాయడం మా వైపు అందరూ చేసేదే. కానీ ఎవరి రాత మీద వాళ్ళే రాసుకుంటారు. మొగుడి రాత మీద పెళ్ళాం రాయదు. నేను రాశాను. అతని పందుల మీదుగా పై నుంచి కింది దాకా రాశాను. రక్తం అని రాశాను. ఎన్ని దుప్పట్లు తడిశాయో రాశాను. మంత్రసాని ఏమందో, ఆ మాట ఎవరు విన్నారో రాశాను. చలికి సరస్సు గడ్డకట్టి పడవలు ఆగిపోకముందే బయల్దేరి రా అని రాశాను.

సిరా ఆరకముందే ఆల్వా వచ్చాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"నా రాత మీద రాస్తావా! చాన్సీ దీన్ని అందరి ముందూ చదువుతాడే! రేపు వాడికి నా ముఖం ఎలా చూపించను?"

"మీ పందుల సంగతి చదవాలంటే నా సంగతీ చదవాల్సిందే."

"చూడవే అమ్మా దీని తెగువ!" అని కాగితం చింపబోయాడు. అప్పుడే మలుపులో టపా బండి బూర ఊదారు. ఇంట్లో ఇంకో కాగితం లేదు. మళ్ళీ బండి వచ్చేది వారానికి. కాగితం పట్టుకున్న చేతులు అలాగే ఆగిపోయాయి. నన్ను చూశాడు, కిటికీలోంచి పందుల దొడ్డిని చూశాడు. తర్వాత ఆదరాబాదరా మడిచి, లక్క ముద్ర వేసి, టోపీ కూడా పెట్టుకోకుండా రోడ్డు మీదకి పరుగెత్తాడు.

ఆ ఉత్తరాన్ని అతను నా ప్రాణం కోసం పంపలేదు. ముప్పై పందుల కోసం పంపాడు. ఎందుకోసమైతేనేం, వెళ్ళింది.