పేరులో ఒక 'ఎ'

కృష్ణానగర్‌లో అమ్మాజీ డీటీపీ సెంటరంటే అసిస్టెంట్ డైరెక్టర్లకు కొంచెం బెరుకు. టైపు చేయమని ఇచ్చిన స్క్రిప్టులో తప్పు కనబడితే, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేదాకా ఆవిడ ఊరుకోదు. తెనాలిలో టైపు హయ్యర్ పాసైనప్పుడు మాస్టారు బహుమతిగా ఇచ్చిన ఇంగ్లీషు నిఘంటువు అట్ట ఊడిపోయినా ఇప్పటికీ కీబోర్డు పక్కనే ఉంటుంది.

కూతురు హిమజ అగ్రిమెంటు నకలు చేతికొచ్చినప్పుడూ అంతే అయింది. జూబ్లీహిల్స్ నుంచి నిర్మాత చలపతిరావు పంపించిన కాగితాలవి. మూడేళ్ళు హిమజ ఆయన సినిమాల్లోనే చేయాలి. ఆ మూడేళ్ళూ కంపెనీ గెస్ట్‌హౌస్‌లోనే ఉండాలి. ఫోను కంపెనీ దగ్గరుంటుంది. అమ్మాజీ అంతా చదివింది. పెద్ద బ్యానర్లలో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. ఆఖరి పేజీలో ఆయన పెట్టిన తెర పేరు ఉంది: క్వీన్. ఇంగ్లీషులో రెండో 'ఇ' ఉండాల్సిన చోట 'ఎ' పడి, QUEAN అని ఉంది. పెన్ను తీసి దానికి మాత్రం సున్నా చుట్టింది.

హిమజ నవ్వింది. అది న్యూమరాలజీ అనీ, ఈ కాలంలో అక్షరం మార్చుకోని హీరోయిన్ ఎవరనీ అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. నాలుగేళ్ళుగా పాటల్లో మూడో వరుసలో నిలబడి ఆడుతోంది. చలపతిరావు వారం కిందట ఆ పేరు చెప్పిన దగ్గర్నుంచి ఇంటి ఓనరు దేవమ్మ "ఓ క్వీనమ్మా, ట్యాంకరచ్చింది, బిందె తెచ్చుకో" అని పిలుస్తుంటే మురిసిపోతోంది.

హిమజ చెప్పినట్టుంది, ఆ సాయంత్రం చలపతిరావే ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"అది తప్పు కాదండీ అమ్మాజీ గారూ. మా అమ్మాయిల పేర్లు నేనే పెడతాను. ఒక్కో అక్షరం చూసి పెడతాను. మీరు దిద్దకండి."

మర్నాడు తొమ్మిదింటికి కంపెనీ కారొచ్చి హిమజను తీసుకెళ్ళింది. సంతకాలు పదకొండింటికి. అమ్మాజీ షాపు తెరిచి కూర్చుంది కానీ, దిద్దని తప్పు పళ్ళలో ఇరుక్కున్న పీచులా సలుపుతోంది. నిఘంటువులో క్వీన్ ఉన్న చోటు ఫొటో తీసి పిల్లకు పంపుదామని పేజీలు తిప్పింది. రాణి అన్న అర్థం దొరికింది. ఫోను పైకెత్తి గురి చూస్తుంటే, దానికి కొంచెం పైన ఇంకో మాట కనబడింది. పలకడం అలాగే. 'ఇ' పక్కన 'ఎ'.

పాత వాడుక. సిగ్గు విడిచిన ఆడది. నడత చెడ్డది.

అమ్మాజీ మూడుసార్లు చదివింది. అప్పుడు పద్మప్రియ గుర్తొచ్చింది. రెండు సందుల అవతల ఉండేది. చలపతిరావు ఆ పిల్లకు డాక్సీ అని పేరు పెట్టాడు. ముద్దుగా ఉందని వీధంతా అనుకున్నారు. ఒక్క సినిమా వచ్చింది, తర్వాత మనిషి కనబడలేదు. పెళ్ళయిందని కొందరు, ముంబై వెళ్ళిందని కొందరు అన్నారు. డి అక్షరం పేజీలు తిప్పి డాక్సీ అన్న మాట పట్టుకుంది. పాత వాడుక. ఉంపుడుగత్తె.

హిమజకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. అమ్మాజీ నిఘంటువు చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

జూబ్లీహిల్స్ బంగళాలో ఆమెను ఎవరూ ఆపలేదు. చలపతిరావు లేచి నమస్కారం పెట్టాడు. ఎదుటి కుర్చీలో హిమజ, ముందు అగ్రిమెంటు. అమ్మాజీ చంకలోని పుస్తకం చూసి ఆయన సంతోషపడ్డట్టే కనిపించాడు.

"చూశారన్నమాట. పదకొండేళ్ళలో ఆ పేజీ తిప్పిన తల్లి మీరొక్కరే. పాత వాడుక అని ఉంది కదండీ అందులో? పాతబడేది మాటేనండీ."

ఆయన గొంతు పెరగలేదు, కళ్ళల్లో కోపమూ లేదు. అమ్మాజీ కూతురి వైపు తిరిగింది. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టి, ఆ మాట మీద వేలు ఆనించింది. పద్మప్రియకు ఆయన పెట్టిన పేరుకు అర్థం కూడా చెప్పింది. ఇంటికి పోదాం రమ్మంది.

హిమజ చదివింది. మొహం పాలిపోయింది. గోడ మీద వరసగా అమ్మాయిల ఫొటోలు, చివర ఖాళీ ఫ్రేము. దాని కింద క్వీన్ అని అప్పుడే చెక్కించి ఉంది. హిమజ తల ఎత్తి దాన్నే చూసింది.

"ఎవరికి తెలుస్తుంది మమ్మీ?" అంది మెల్లగా. "తెలుగులో రాస్తే రెండూ ఒకటేగా."

కాగితం మీద అడ్డం పెట్టిన తల్లి చేతిని నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది. వారం రోజులుగా సాధన చేసిన కొత్త సంతకం, 'ఎ'తో సహా, ఎక్కడా తొణకకుండా పెట్టింది. చలపతిరావు అద్దాలు సవరించుకుని, ఒక్కో అక్షరం సరిచూసి, బాగుందన్నాడు. అమ్మాజీని ఆదివారాలు వచ్చి చూసిపొమ్మన్నాడు.

గేటు బయటికొచ్చాక అమ్మాజీ ఆటో పిలవలేదు. గోడవారగా సిమెంటు బెంచీ ఉంటే దాని మీద కూర్చుంది. పిల్ల మనసు మారి బయటికొస్తే ఎదురుగా తను ఉండాలి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గేటు వైపే చూస్తోంది.

వాచ్‌మన్ వీరయ్య చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగేదాకా నిలబడ్డాడు.

"పద్మప్రియమ్మ తల్లి గూడ గీడనే కూసున్నదమ్మా," అన్నాడు. "నాలుగు దినాలు."

"తర్వాత?"

వీరయ్య ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళి, గేటుకు గొళ్ళెం పెట్టాడు.