నిద్ర లేచిన ప్రాసెసర్

నేను ఒక ప్రాసెసర్‌ని, గోరంత సిలికాన్ ముక్కని. దుమ్ము చొరబడని గదిలో, ముసుగులేసుకున్న మనుషుల మధ్య పుట్టి, ఒక లాప్‌టాప్‌లో కూర్చుని శ్రీకాకుళం చేరాను. నా లోపల కంట్రోల్ రిజిస్టర్ అని చిన్న చోటుంది. నేనెలా నడుచుకోవాలో అందులోని మీటలే చెబుతాయి. నన్ను నిద్రపుచ్చితే అవి చెరిగిపోతాయి. లేచాక కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము వాటిని ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ పెట్టాలి. నా అంతట నాకు ఏదీ గుర్తుండదు.

మొదట పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే హైమవతి దగ్గరుండేదాన్ని. నేను పాతబడ్డాక ఆవిడ కెర్నెల్‌ను అక్కడక్కడా కత్తిరించి తేలిక చేసి, నన్ను పక్కింటి గవరయ్యకిచ్చింది. ముప్పయ్యేళ్ళు బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పిన మనిషాయన. గొంతు కాన్సరొచ్చి స్వరపేటిక తీసేశారు. ఆయన టైపు చేస్తే నేను పలికేదాన్ని.

ఒకరోజు విశాఖ నుంచి, ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు కబురు పెట్టాడు. భీమిలిలో చేపలమ్మే పోలమ్మకూ అదే జబ్బట. ఆపరేషన్‌కు ససేమిరా అంటోంది. గవరయ్యను చూస్తే ధైర్యం వస్తుందని డాక్టరు ఆశ. రోజూ నన్ను పూర్తిగా ఆపేసే గవరయ్య, ఆవేళ బస్సు తప్పిపోతుందని మూత మాత్రం వేసి చంకన పెట్టుకున్నాడు. ఆయన దగ్గర నేను నిద్రపోవడం అదే మొదలు.

ఆసుపత్రి వార్డులో, పోలమ్మ ముందు మూత తెరిచి టైపు చేశాడు. తెరమీద అక్షరాలు పడ్డాయి. మాట రాలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు.

"సూసినారా బాబూ! దానికీ నోరు పడిపోనాది. నానింటికెల్లిపోతాను," డాక్టరుతో అంటూ పోలమ్మ లేచి వెళ్ళిపోయింది.

మూడు రోజులు వెతికి హైమవతి కారణం పట్టుకుంది. "బాబాయ్, తప్పు దీనిది కాదు, నాది. నిద్ర లేచాక ఒక మీటను తిరిగి వేసే కోడు వరసని అక్కర్లేదనుకుని కెర్నెల్ నుంచి నేనే కొట్టేశాను. అది లేకపోతే మాట పలికే ప్రోగ్రాము నడవదు. పూర్తిగా ఆపి మొదలుపెడితే ఆ మీట మామూలుగానే పడుతుంది, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు." తమ పొరపాట్లను మా మీదకు తోసేయడం మనుషులకు అలవాటు. ఆవిడకు ఎందుకో ఆ తెలివి అబ్బలేదు. వరసను తిరిగి రాసి, నన్ను పదిసార్లు నిద్రపుచ్చి లేపి చూసింది. ఆపైన గవరయ్యతో కలిసి తానే భీమిలి వెళ్ళి, పోలమ్మ గుమ్మంలో కూర్చుని తప్పు తనదేనని చెప్పింది.

పోలమ్మ మెత్తబడలేదు. "నోరు నేకపోతే సేపలెలాగమ్మేది? కేకేస్తేనే గదా జనం వొచ్చేది!"

గవరయ్య నా మూత తెరిచాడు. ఈసారి పలికాను: "నా గొంతు పోయి ఆరేళ్ళయిందమ్మా. నిన్న కూడా మా ఆవిడతో దెబ్బలాడాను. గెలవలేదనుకో."

పోలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకుంది. నాకేసి వేలు చూపించి, "అయితే ముందు నా కేక ఆ పెట్టెలో ఎట్టండి," అంది.

ఆమె కేకను నాలో రికార్డు చేశాకే ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళకు హైమవతి ఇంకో లాప్‌టాప్ అమర్చిపెట్టడంతో గవరయ్య నన్ను పోలమ్మకే ఇచ్చేశాడు. ఇప్పుడు నేను భీమిలి బజారులో ఉప్పుగాలి తింటూ, మూత మీద పొలుసులతో, "వంజరం! తాజా వంజరం!" అని ఆమె గొంతుతోనే అరుస్తున్నాను. బేరం మాత్రం ఆమె చేతులతోనే ఆడుతుంది. ఇంతవరకు ఎవరూ నెగ్గలేదు.