ముందు పలకరించకూడదు

ఆ కాలేజీలో పిల్లల గోడు వినే సీనియర్ కౌన్సిలరమ్మ, తన కింద కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే ఒక మాట నేర్పుతుంది. "పిల్లలు బయట కనపడితే మనం ముందు పలకరించకూడదు. వాళ్ళే పలకరిస్తే మాత్రం నవ్వండి." మన దగ్గరికి వస్తున్నారని నలుగురికీ తెలిస్తే ఆ పిల్లలకి తలవంపులు కదా.

అందుకే గదిలో ఆవిడ ముందు గుండె విప్పుకున్న పిల్లలే, వరండాలో ఎదురైతే ముక్కూమొహం తెలియనట్టు పోతారు. క్యాంటీన్లో ఆవిడ బల్ల దగ్గర కూర్చోవడానికి లెక్చరర్లు కూడా జంకుతారు. కూర్చుంటే, వీళ్ళకేం కష్టమొచ్చిందో అని గుసగుసలు. ఆవిడ గోడకేసి తిరిగి తన టిఫిన్ డబ్బాలోది తను తింటుంది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో ఒకమ్మాయి వచ్చి ఆవిడ బల్ల దగ్గర నిలబడింది. చదువు మానేస్తానని ఏడాదంతా ఆ గదిలో ఏడ్చి, చివరికి పాసైన పిల్ల. పక్కన ఒక పెద్దావిడ.

"మేడం, మా అమ్మ."

తల్లికి అంతా తెలిసిపోతుందని కౌన్సిలరమ్మ కంగారుపడింది. "ఎవరమ్మా నువ్వు? నన్ను చూసి ఇంకెవరో అనుకున్నట్టున్నావు."

అమ్మాయి మొహం పాలిపోయింది.

"అదేంటే, రోజూ చెప్పేదానివి, ఈ మేడం గురించే కాదూ?" అంది తల్లి.

"ఈవిడ కాదులే అమ్మా. పద."

వాళ్ళు గుమ్మం దాటాక కౌన్సిలరమ్మకి గుర్తొచ్చింది, ముందు పలకరించింది ఆ పిల్లే. తను నేర్పే మాటలో ఆ రెండో సగంతో ఆవిడకి ఇన్నేళ్ళలో పనే పడలేదు.

డబ్బాకి మూత పెట్టి, గోడని చూసి నవ్వింది. నవ్వు బాగానే వచ్చింది.