చింతపండుతో తోమిన కేబుల్

దసరా తెల్లారి ఆఫీసు తెరిచేసరికి లైన్ లేదు. నెట్‌వర్క్ రిపేర్లు చూసే నన్ను కోరుట్ల నుంచి పిలిపించారు. జగిత్యాల హెడ్డాఫీసుకూ ఈ చిన్న ఆఫీసుకూ మధ్య రూటర్లు ఇంకా పాతకాలపు సీరియల్ కేబుల్ మీదే నడుస్తున్నాయి. ఎదురుగా ఉన్న పాన్ డబ్బాకు కూడా ఫైబర్ వచ్చింది గానీ, మా పెద్దలకు తొందరేమీ లేదు.

అటెండర్ మైసయ్య నేను అడగకముందే నేరం ఒప్పుకున్నాడు. పండుగకని యంత్రాలన్నీ తుడిచి బొట్లు పెట్టాడట. రూటర్ ఆపి, కేబుల్ ఊడదీసి, దాని పిన్నులను చింతపండుతో తోమాడట.

"ఇత్తడి లెక్క నల్లవడ్డయి సారూ. జెర మెరుస్తయని తోమిన" అన్నాడు.

ఆ కేబుల్ పైకెత్తి అందరికీ చూపించాను. "గిండ్లకెళ్లి సిగ్నల్ పోవాల్నా, పులుసు పోవాల్నా మైసన్నా?" అందరూ నవ్వారు. నాకు హుషారొచ్చి ఇంకో రెండు జోకులు వేశాను. ఇన్‌చార్జి ఆనంద్ సారు మాత్రం నవ్వలేదు.

"రేపటి సంది రావద్దు. ఏజెన్సీకి చెప్పి ఇంకొకన్ని పెట్టుకుంట" అన్నాడు మైసయ్యతో.

మైసయ్యది పదకొండేళ్ల ఔట్‌సోర్సింగ్ కొలువు. అది తప్ప గుంట భూమి లేదు.

బ్యాగులోంచి కొత్త కేబుల్ తీసి బిగించాను. లైన్ రాలేదు. సెట్టింగులు తెరిచి చూస్తే ఎన్‌కోడింగ్ తప్పుగా ఉంది. ఒకట్లనూ సున్నాలనూ తీగ మీద పంపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో వోల్టేజీ ఎంతన్నదే లెక్క, ఇంకోదానిలో అది మారిందా లేదా అన్నదే లెక్క. రెండు కొసల్లోనూ ఒకే పద్ధతి ఉండాలి. పండుగకు ముందు సిరిసిల్ల ఆఫీసు రూటర్ సెట్టింగులు తెచ్చి ఇందులో దించిన మేధావిని నేనే. రూటర్ ఆగి మళ్లీ మొదలైతే గాని అవి అమల్లోకి రావు. మైసయ్య చేసిన పాపమల్లా దాన్ని ఆపడమే.

ఒక్క వరుస మార్చాను. జగిత్యాల పలికింది. తోమిన కేబుల్‌నే మళ్లీ పెట్టి చూశాను. అదీ భేషుగ్గా పనిచేసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వెళ్లి చెప్పాను. "సార్, కేబుల్ మంచిగనే ఉన్నది. ఎన్‌కోడింగ్ నేనే తప్పు పెట్టిన."

"గదేంది?"

పావుగంట సేపు కాగితం మీద గీతలు గీసి వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నీ మనసు మంచిది సతీశ్. గరీబోడని కాపాడుతున్నవు. గని పొద్దుగాల నువ్వే చూపెట్టినవ్ గద. అందరం కండ్లార చూసినం" అని ఏజెన్సీకి ఫోన్ కలిపాడు.

మైసయ్య బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూలబడ్డాను.

"నీ తప్పేం లేదు మైసన్నా. తప్పు నాది. నువ్వన్నా సారుకు చెప్పు."

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "ఊకోండ్రి సారూ. నా కోసం అబద్ధమాడి మీ నౌకరి ఎందుకు పోగొట్టుకుంటరు? మీకు చిన్న పిల్లలున్నరు."