తవుడిచ్చి కొన్న పిల్ల

దేవమ్మ రేకు డబ్బాను కర్రతో దబదబా బాదింది. మామిడికాయల మీది చిలకలు లేచిపోయాయి గాని, వేపకొమ్మ మీది కాకి కదల్లేదు. దాని ముందు, ఇంచుమించు దానంత పిల్ల ఎర్రటి నోరు తెరిచి రెక్కలాడిస్తోంది. అది కోయిల పిల్ల. కాకి తెచ్చింది తెచ్చినట్టే ఆ నోట్లో కుక్కుతోంది.

"ఎడ్డిదానా, గది నీ పిల్ల కాదే," అంది దేవమ్మ, రోజూ అన్నట్టే.

పెద్దమందడి దగ్గరి ఆ తోటకు ఆమె కావలి. మొగుడు పోయాక గుడిసె కూడా అక్కడే. ఎండకు కమిలిన మొహం, పగిలిన మడమలు, బొంగురు గొంతు. ఊరు ఆమెను కాకి దేవమ్మ అంటుంది. ఆమె పెంచే నవ్య చర్చిలో పాడుతుంది గనక కోయిల అంటుంది. నల్లగుంటే కాకి, గొంతు బాగుంటే కోయిల. సాకినదాన్ని ఏమనాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

నవ్యను కన్నది వరసకు చెల్లెలైన ప్రేమలత. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోతే, మూడోదాన్ని చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచారు. దేవమ్మ ఎత్తుకుని, దోసెడు తవుడిచ్చి కొన్నది. అట్లా కొన్న పిల్లను చావు ముట్టదని నమ్మకం. ఆ ఏడే కన్నవాళ్ళు పుణెకు కూలికి పోతూ పిల్లను ఆమె దగ్గరే వదిలారు; పండగలకు వచ్చి చూసి పోయేవాళ్ళు. ఊరికి ఆ కొనడం ఒట్టి తంతు. కడుపు పండని దేవమ్మ మాత్రం నిజంగానే కొన్నాననుకుంది. పదకొండేళ్ళుగా అట్లాగే అనుకుంటోంది, పిచ్చిది.

మధ్యాహ్నం ప్రేమలత ఆటో దిగింది, చంకలో నెలల పిల్లాడితో.

"పోరిని తోల్కపోత అక్కా. నేను పనికి పోతే వీన్ని ఎవరు చూస్తరు?"

"దాని సదువు?"

"ఆడ చూస్తం తియ్."

దేవమ్మ గుడిసె వాకిట్లో అడ్డం నిలబడింది. "తవుడిచ్చి కొన్న పిల్ల. నాది."

ప్రేమలత నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. "గది పిల్ల బతకాల్నని చేసిందక్కా. తవుడుకు పిల్లల్ని అమ్ముకుంటరా ఎవరన్న?"

నవ్య ఒక్కమాట పోనంటే చాలు, దేవమ్మ ఆటోకు అడ్డంగా పడుకునేది. నవ్య అప్పటికే తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడు జడ పట్టుకు లాగుతుంటే నవ్వుతోంది.

"అమ్మా, పోదామా?"

"ఆఁ," అంది దేవమ్మ. ఇన్నేళ్ళూ ఆ పిలుపు ఆమెదే. తీరా చూస్తే, పిల్ల అడిగింది ప్రేమలతను.

ఆటో మలుపు తిరిగింది. చిలకలు కాయలు కొరికి పారేస్తున్నా ఆమె డబ్బా ముట్టలేదు. తోటలో ఎక్కడో కోయిల కూసింది. ఎన్నడూ లేనిది, దేవమ్మ దాని మీదికి రాయి విసిరింది.

గుడిసె ముందు, నవ్యకు తలంటుదామని పొద్దున నానేసిన కుంకుడుకాయలు గిన్నెలో మెత్తబడి ఉన్నాయి.