దించని వేలు

పెళ్లి చేయించేది పురోహితుడని పేరే గానీ, ఈ రోజుల్లో పెళ్లిలో పురోహితుడి మాట ఎవడు వింటాడండీ? పెళ్లికొడుకు కెమెరావాడి మాట వింటాడు. పెళ్లికూతురు మేకప్ అమ్మాయి మాట వింటుంది. కన్యాదాత చెవికి ఫోను అతుక్కుని ఉంటుంది. నేను మైకు ముందు కూర్చుని "బాబూ, ఆ అక్షింతల పళ్లెం కాస్త ఇటు" అని నాలుగుసార్లు అంటే, ఐదోసారి ఎవరో ముసలావిడ జాలిపడి అందిస్తుంది. బెజవాడ నుంచి కైకలూరు దాకా రామకోటేశ్వర శర్మ అంటే కోపిష్టి పంతులని పేరు పడిపోయింది. కోపం రాక ఏమొస్తుంది మరి?

అంత మండపంలోనూ నన్ను కన్నార్పకుండా చూసేది ఒక్క ఇల్మా. డోలు వాయించే అమ్మాయి. గుణదలలో ఉండే సన్నాయి విద్వాంసుడు కరిముల్లా సాయిబు గారి మనవరాలు. నేను చేయించే పెళ్లిళ్లన్నిటికీ ఆయన మేళమే. అంతకుముందు ఆయన పక్కన డోలు వాయించిన నవాబ్ అనే కుర్రాడు డీజేలో చేరి ప్యాడ్ కొట్టుకోవడానికి వెళ్లిపోతే, పదో తరగతి సెలవుల్లో ఈ పిల్ల డోలు మెడలో వేసుకుంది. వేరే మనిషి దొరికేదాకా అనుకున్నారు. డిగ్రీ పూర్తయినా డోలు దించలేదు.

నన్ను ఎందుకు చూడాలో చెప్తాను. ముహూర్తం వేళ వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. సరిగ్గా అప్పుడే ఎవడో తుమ్మవచ్చు. ఎవరి నోటనో "చచ్చాన్రా నాయనా" అన్న మాట దొర్లవచ్చు. అలాంటివి ఆ ఇద్దరి చెవినా పడకూడదు. అందుకని సన్నాయీ డోలూ ఒక్కసారిగా అందుకుని తక్కిన చప్పుళ్లన్నిటినీ మింగేస్తాయి. దాన్నే గట్టిమేళం అంటాం. మిగతా పురోహితులు "భజంత్రీలు, భజంత్రీలు" అని మైకులో కేకలు పెడతారు. నేను పెట్టను. కుడిచేతి చూపుడు వేలు ఎత్తుతాను. వేలు లేస్తే మేళం లేవాలి, వేలు దిగితే ఆగాలి. ఇల్మా ఒక్కనాడూ తప్పలేదు. నా వేలు సగం లేచేసరికే డోలు మీద పుల్ల పడేది.

అయితే ఇందులో ఒక అన్యాయం ఉంది. గట్టిమేళాన్ని ఎవరూ వినరు. ఇంకేదీ వినపడకుండా చేయడమే దాని పని. ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ పిల్లే చెప్పింది.

మాఘమాసంలో ఒకరోజు సత్యనారాయణపురంలో మా ఇంటికి స్కూటీ మీద వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "పంతులు గారూ, బసవయ్య గారమ్మాయి పెళ్లిలో నాకో పావుగంట ఇప్పించాలండి" అంది.

"పావుగంటలు నేనేమన్నా కొట్టు పెట్టి అమ్ముతున్నానా? ముందు లోపలికి వచ్చి కూర్చో" అన్నాను.

కూర్చుని చెప్పింది. బెజవాడలో కిరీటి అనే ఆయన ఒక మ్యూజిక్ బ్యాండు నడుపుతున్నాడట. గిటారు, వయొలిన్ ఉన్నాయి, ఇప్పుడు డోలు కూడా కావాలట. ఊరూరా తిరిగి కచేరీలు చేస్తారట. ఇల్మా వీడియోలు పంపింది. "ఫోన్లో అందరూ విద్వాంసులేనమ్మా, ఎదురుగా వాయిస్తే అప్పుడు చెప్తాను" అన్నాడట ఆయన. బసవయ్య పెళ్లి రోజున హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వెళ్తూ, దారిలో మండపం దగ్గర ఆగుతాడు. అక్కడ విని, ఆ మధ్యాహ్నమే తేల్చేస్తాడు. నచ్చకపోతే ఇంకో కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు.

"పెళ్లి మొత్తం డీజే పాటలేనంటండి. మేళం ముహూర్తానికి మాత్రం చాలన్నారంట ఈవెంటు వాళ్లు. గట్టిమేళం విని ఎవరన్నా ఏం చెప్తారండీ, అది రోలు దంచినట్టే ఉంటది కదా" అంది.

"మీ తాతకి చెప్పావా?"

"చెప్పానండి. 'నువ్వెళ్లిపోతే నా సన్నాయికి డోలెవరు కొడతారు, మీ అమ్మమ్మ కొడుతుందా' అన్నారు. అప్పట్నుంచీ మాట్లాడ్డం లేదు." చేతిలో స్కూటీ తాళం తిప్పింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఇన్ని పెళ్లిళ్లకి వాయించాను కదండీ. ఒక్కళ్లన్నా వినాలని నాకుండదా అండీ" అంది.

నేనూ జన్మంతా ఎవరూ వినని మంత్రాలు చదివినవాణ్ణే కదా.

"సరే, తంతు ముందుగా మొదలుపెట్టి ముహూర్తానికి పావుగంట మిగులుస్తాను. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు వాయించుకో" అన్నాను.

"మంత్రాలేమన్నా మింగుతారా అండీ?" అంది, కొంటెగా.

"నాకు అన్నమే మింగుడు పడటం లేదు, మంత్రాలేం మింగుతాను. పో ఇక్కణ్ణుంచి" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లింది.

బసవయ్యకు కైకలూరు పక్కన చేపల చెరువులున్నాయి. మనిషి మంచివాడే, ఆర్భాటం జాస్తి. హనుమాన్ జంక్షన్లో హైవే పక్కన ఏసీ కల్యాణ మండపం, పూల గోడలు, చెవిలో మైకులు పెట్టుకున్న ఈవెంటు కుర్రాళ్లు. నేను చెప్పిన వేళకంటే ముందే వెళ్లి పీటల ముందు కూర్చున్నాను. మేళం వేదికకు ఎడమ పక్కన. కరిముల్లా తన మనవరాలి వైపు చూడకుండా సన్నాయి పీక తడుపుకుంటున్నాడు. కిరీటి కూడా వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, జుట్టు వెనక్కి ముడేసుకున్నాడు. రెండో వరసలో కూర్చుని, డోలు మెడలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్లని చూసి తలూపాడు. అంతా సవ్యంగానే ఉంది. పెళ్లికూతురు మాత్రం రాలేదు.

ఒకటికి నాలుగుసార్లు కబురు పెట్టాను. చివరికి ఒక ఈవెంటు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "ఎంట్రీ లేటవుద్దండి పంతులు గారూ. పొగ మిషను పని చెయ్యట్లేదు" అన్నాడు.

"పొగ నేను హోమంలో కావలసినంత పెడతాను కదయ్యా, వేరే పొగెందుకు?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అలా మిషను బాగయి, పొగ వచ్చి, పాట మొదలై, ఆ పొగలోంచి పెళ్లికూతురు ఒక్కో అడుగూ ఆగి ఆగి, ఫొటోలకు నవ్వుతూ పీటల దగ్గరికి చేరేసరికి నేను దాచిన పావుగంటా కరిగిపోయింది. ముహూర్తానికి ముందు జరగాల్సిన తంతు ఒక్క అక్షరం మింగకుండా పూర్తి చేయడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మధ్యలో కిరీటి వాచీ చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. బసవయ్య బావమరది ఎవరో, "వడ్డన మొదలైందండి, భోంచేసి వెళ్లండి" అని మర్యాదగా చెయ్యి పట్టుకుని పక్కనున్న భోజనాల హాల్లోకి తీసుకుపోయాడు.

ఇల్మా ఆ గుమ్మం వైపు చూసింది. కళ్లు నిండిపోయాయి. మోచేత్తో తుడుచుకుని మళ్లీ నా చేతి మీదకి చూపు తిప్పుకుంది. పని మాత్రం మరిచిపోలేదు. అది చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ముహూర్తం వచ్చింది. అడ్డుతెర పట్టుకున్నారు. వధూవరుల చేతుల్లో జీలకర్ర బెల్లం పెట్టాను. వేలెత్తాను. సన్నాయీ డోలూ మండపం అదిరేలా లేచాయి. తెర దించారు, అక్షింతలు పడ్డాయి. ఇంక వేలు దించాలి.

దించబోయి ఆగాను. ఈ మండపంలో నా మాటకు డీజే ఆగదు, పొగ ఆగదు, కెమెరా ఆగదు. కానీ నా వేలు లేచి ఉన్నంతసేపు గట్టిమేళాన్ని ఆపమనే ధైర్యం ఏ కన్యాదాతకైనా ఉంటుందా? ఆపితే అపశకునం మరి. పైగా మేళం మైకు తీగ భోజనాల హాల్లో స్పీకరు దాకా ఉంది. తింటున్నవాళ్లకు కూడా ముహూర్తం తెలియాలని బసవయ్యే వేయించాడు.

నేను కళ్లు మూసుకుని, నోటికొచ్చిన స్తోత్రమల్లా మొదలుపెట్టాను. వేలు మాత్రం దించలేదు.

కాసేపటికి ఓరగా చూశాను. ఇల్మా నా వేలునే చూస్తోంది. ఎప్పుడు దిగుతుందా అని చూస్తోంది. దిగలేదు. నా ముఖం చూసింది. నేను కనుబొమలు ఎగరేశాను. పిల్లకు అర్థమైంది. ఒక్క క్షణం పుల్ల గాల్లో ఆగింది. అప్పుడే కరిముల్లా సన్నాయి నోటి దగ్గర్నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముసలాయన, ఊపిరి అందలేదు కాబోలు అనుకున్నాను.

ఇక డోలు ఒక్కటే మిగిలింది.

ముందు ఆ హోరు తగ్గించేసింది. నడక మార్చింది. పుల్లతో ఒక దెబ్బ వేసి, అది పూర్తిగా వినపడనిచ్చి, రెండోవైపు వేళ్లతో దానికి జవాబు చెప్పింది. అలా మెల్లిగా ప్రశ్న, జవాబు. తర్వాత ప్రశ్న పూర్తికాకుండానే జవాబు. నాకు లెక్కలు తెలియవు గానీ, ఎక్కడో తప్పిపోయిందనుకున్న తాళం ప్రతిసారీ ఠంచనుగా ఇంటికి చేరేది. అక్షింతలు వేయడానికి చెయ్యెత్తినవాళ్లు చెయ్యి అలాగే ఉంచేశారు. ముందు వరసలో ఫోన్లు చూసుకునేవాళ్లు తలలెత్తారు. డీజే కుర్రాడు చెవులకున్నవి తీసేసి నోరు తెరిచాడు.

పెళ్లికొడుకు చెయ్యి వణుకుతోంది. బెల్లం కరిగి అతని చెవి వెనకనుంచి దిగుతోంది. "పంతులు గారూ, చెయ్యి తీసెయ్యొచ్చా అండీ?" అన్నాడు.

"నూరేళ్లు పట్టుకోవాల్సిన చెయ్యి నాయనా, అప్పుడే నొప్పంటే ఎలా?" అన్నాను. పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. కెమెరాకి కాదు, నిజంగానే నవ్వింది.

బసవయ్య నా చెవిలో, "ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు. నేను మళ్లీ కళ్లు మూసుకుని, "మంచి ఘడియ నడుస్తోంది, మాట్లాడకండి" అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఈ అబద్ధానికి నాకేం మూడుతుందో అనుకున్నాను. భుజం పీకేస్తోంది. అయినా భోజనాల హాలు గుమ్మం వైపే చూస్తున్నాను.

వచ్చాడు. బంతిలో కూర్చున్నవాడు మధ్యలో లేవకూడదు. లేచి వచ్చాడు. కుడిచేతికి పప్పన్నం అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి, ఆ ఎంగిలి చేత్తోనే తొడ మీద తాళం వేస్తున్నాడు. తెల్ల ప్యాంటు పచ్చబడుతున్నా చూసుకోలేదు.

ఇంకాస్త విననిచ్చి, అప్పుడు వేలు దించాను. నా చెయ్యి ఒళ్లో పడటం, ముక్తాయింపు పడటం ఒక్కసారే జరిగాయి. మండపం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరసలో ఎవడో తుమ్మాడు. ఒక్కరూ పట్టించుకోలేదు.

కిరీటి వేదిక పక్కకి వచ్చి, "సోమవారం రిహార్సల్ ఉందమ్మా. వస్తావా?" అన్నాడు. ఇల్మా తాత వైపు తిరిగింది.

కరిముల్లా సన్నాయి పీక తుడుచుకుంటూ, "నన్ను చూస్తావేంటి? అడిగింది నిన్ను. వస్తానని చెప్పు" అన్నాడు. ఆ పిల్ల డోలు మెడలో ఉండగానే తాతని వాటేసుకుని భోరుమంది.

ఇప్పుడు ఇల్మా ఊళ్లు తిరుగుతోంది. మొన్న బెంగళూరులో వాయించిన వీడియో పంపింది. చుట్టూ అంతమంది జనం, అందరూ వింటున్నారు. బసవయ్య ఆ రోజు రుసరుసలాడినా, తర్వాత "మా అమ్మాయికి పడినంత గట్టిమేళం జిల్లాలో ఎవరికీ పళ్లేదు" అని చెప్పుకుంటున్నాడు. దాంతో నా ప్రాణం మీదకొచ్చింది. ప్రతివాడూ "బసవయ్య గారింట్లోలాగా పెద్ద గట్టిమేళం ఉండాలండి" అని మొదలుపెట్టాడు. అబద్ధం ఆచారమైపోయింది.

మొన్న మళ్లీ అదే జంక్షన్లో పెళ్లి. కరిముల్లా పక్కన కొత్త డోలు కుర్రాడు. నేను వేలెత్తాను. వాడు ఫోను చూసుకుంటున్నాడు. సాయిబు గారు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి అందుకున్నాడు. అలవాటు కొద్దీ నేను ఇల్మా ముఖం కోసం చూసి, వెంటనే వేలు దించేశాను.

పెళ్లయ్యాక ఇద్దరం రోడ్డు పక్కన చెరకు రసం తాగుతూ బెజవాడ బస్సు కోసం నిలబడ్డాం. చాలారోజులుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"నిజం చెప్పండి సాయిబు గారూ. ఆ రోజు సన్నాయి దించేశారే, ఊపిరి చాల్లేదా?"

"రామనవమికి తెల్లార్లూ ఊదినోణ్ణి. ఆ కాసేపటికి ఊపిరి చాలకపోవడమేంటండీ" అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ. అప్పుడు నా వైపు తిరిగి, "మీకు చెయ్యి నొప్పెట్టలేదా పంతులు గారూ?" అని అడిగాడు.

"నొప్పెట్టకేం. వారం రోజులు తైలం రాయించుకున్నాను."

"మరి దించలేదే?"

"మీరు సన్నాయి దించారు కదా. నేనూ వేలు దించేస్తే పిల్ల వాయించేదెక్కడ?"

ఆయన భుజం మీద తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, రెండు గ్లాసులకూ తనే డబ్బులిచ్చాడు.