మూడు చక్రాల తప్పు

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. చెయ్యి తిరిగినదాన్నని కాస్త పొగరు కూడా ఉంది. ఈసారి కథలో ఒక పిల్ల నీళ్లు తోడే యంత్రం చేస్తుంది. ఏడో పేజీలో మూడు పళ్ల చక్రాలను ముక్కోణంలా, ఒకదానికొకటి ఆనించి ముద్దుగా గీశాను. కింద "గిర్రున తిరిగింది!" అని ఉంటుంది. ముఖచిత్రం కూడా అదే బొమ్మ.

నమూనా కాపీ మా పిడుగు చేతిలో పడింది. పిడుగంటే ఎనిమిదేళ్ల నా కూతురు. ముందు పన్ను ఊడి నెలయింది. అట్టముక్కలు కత్తిరించి, గుండుసూదులు గుచ్చి మూడు చక్రాలూ బిగించింది. కదల్లేదు. మళ్లీ కత్తిరించింది. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు కత్తెర విసిరికొట్టింది.

"పుస్తకంలో తిరుగుతోంది కదమ్మా! నాకే చేతకావట్లేదు."

నా మనసు చివుక్కుమంది. పక్కన కూర్చుని నేనూ తిప్పి చూశాను. మూడో చక్రాన్ని మొదటిది ఇటు తిరగమంటోంది, రెండోది అటు తిరగమంటోంది. పాపం, అది ఎవరి మాట వింటుంది? మూడూ పళ్లు బిగించి కూర్చున్నాయి. తప్పు నాది. అదే చెప్పాను.

పిడుగు కళ్లు తుడుచుకుంది. "అయితే రెండిటిని విడదీసి, వాటి మధ్యలో ఇంకోటి పెడితే?"

నాలుగోది పెట్టాం. గిర్రున తిరిగింది.

మర్నాడు ఆ అట్ట చక్రాలు పట్టుకుని ఇద్దరం ఎడిటర్ గారి గదికి వెళ్లి తప్పు సంగతి చెప్పాం. "ముఖచిత్రం అచ్చయిపోయిందమ్మా," అన్నారాయన. "చక్రాలు ఎవరు చూడొచ్చారు? వదిలెయ్."

"మా పిల్ల చూసింది."

"సరే, లోపల మార్చుకో. ముఖచిత్రంలో తప్పుందని మాత్రం నోరెత్తకు. పరువు పోతుంది."

నాకు ఒళ్లు మండింది. నాలుగో చక్రం పీకేసి, మిగతా మూడూ మళ్లీ ముక్కోణంలా ఆనించి బిగించి ఆయన బల్ల మీద పెట్టాను. "మీ పరువుతో తిప్పి చూడండి."

ఆయన తిప్పారు. కళ్లజోడు సర్దుకుని ఇంకా గట్టిగా తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకే చేతకావట్లేదేమో..." అని గొణిగారు.

"నేనూ అలాగే అనుకున్నా తాతగారూ," అంది పిడుగు.

"ఏడో పేజీలో చక్రాలు తిరగవు, ఎనిమిదో పేజీలో నాలుగోది వస్తుంది," అన్నాను. "మొదటి పేజీలో మన తప్పు మనమే చెప్తాం. కుదరదంటే నా బొమ్మలు నాకిచ్చెయ్యండి."

ఆయన కదలని చక్రాలను ఇంకోసారి తిప్పి చూసి పక్కకు జరిపారు. తర్వాత తన పెన్ను తీసి పిడుగు చేతికిచ్చారు.

మొదటి పేజీలో దాని వంకర అక్షరాలే అచ్చయ్యాయి: "అట్ట మీద గీసిన చక్రాలు తిరగవు. తప్పు బొమ్మది. నీది కాదు."